ఎత్తకపోతే?

ఆసుపత్రికి ఫోన్ చేస్తే "డాక్టరు కోసం ఒకటి నొక్కండి" అని ఒక గొంతు పలుకుతుంది కదా, ఆ నొక్కిన కాల్ ఎటు పోవాలో రాసేది అతనే. ఆ గొంతు వెనక ఉన్నది ఓపెన్ సోర్స్ ఫోన్ సాఫ్ట్‌వేర్, ఎవరికైనా ఊరికే దొరుకుతుంది. దానికి దారి చెప్పడమే అతని ఉద్యోగం. ముందు రిసెప్షన్ మోగాలి. ఎత్తకపోతే నర్సుల గది. అక్కడా ఎత్తకపోతే డ్యూటీ డాక్టరు సెల్లు. ఒక్కో వరుస రాశాక కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చూపుడువేలితో బల్ల మీద గీత గీస్తూ, "ఎత్తకపోతే?" అని గొణుక్కుంటాడు. ఎవరి కాల్‌నీ గాలికి వదిలేయడు. ఇంట్లోనూ అదే నస. భార్య పాలు తెమ్మంటే "దొరక్కపోతే?" అంటాడు. "టీ మానేద్దాం గానీ, ముందు బయల్దేరండి" అంటుందావిడ.

అతనితో అక్క మాట్లాడి ఏడాది దాటింది. బావగారు ఇంట్లో కుప్పకూలిన రోజున ఆవిడ తమ్ముడికి ఫోన్ చేస్తూనే ఉంది. అతను తన సెల్లు సైలెంట్‌లో పెట్టి, ఆసుపత్రి లైన్లు సరిగ్గా మోగుతున్నాయో లేదో చూసుకుంటున్నాడు. బావగారు బతికి బట్టకట్టారు గానీ అక్క మనసు విరిగిపోయింది. ఈ ఆదివారం అతను సెల్లు తీసి అక్క నంబరు దాకా వెళ్లాడు. నొక్కడానికి వేలు రాలేదు. చొక్కా అంచుతో తెర తుడిచాడు, మళ్లీ తుడిచాడు. "ఎత్తకపోతే?" అన్నాడు చివరికి. బట్టలు మడతపెడుతున్న భార్య తలెత్తలేదు. "ఎత్తేదాకా చెయ్యండి. ఆ రోజు వదిన చేసింది అదేగా."