ఆఖరు పేజీ ఆసామి

ఆఫీసు సభలో ఆఖరుగారికి జరిగిన అన్యాయం నేను కళ్ళారా చూశాను. ఆయన దగ్గరుండి నాచేత తయారు చేయించిన కంప్యూటరు పట్టికకి బహుమతి మేనేజరు అందుకున్నాడు. అది మామూలే. తర్వాత, ఆ పనిలో సాయపడిన పదకొండు మంది పేర్లనీ అక్షరక్రమంలో అదే పట్టికలో పెట్టి తెర మీద చూపించారు. మా పట్టిక పేజీకి పది వరుసలే చూపిస్తుంది. ఆఖరుగారి అసలు పేరు ‘హ’తో మొదలవుతుంది, పదకొండోది. కాఫీ యంత్రం బాగుచేసినాయన పేరు కూడా చదివి, "ఇంతే, అందరికీ కృతజ్ఞతలు" అని మేనేజరు దిగిపోయాడు. రెండో పేజీ ఎవరూ నొక్కలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఆఖరుగారు నా చెవి దగ్గరికి వంగి, "ఏమోయ్, ‘తర్వాతి పేజీ’ బటన్ వెలిగిందా?" అన్నారు.

"వెలిగింది సార్."

"అయితే మన పట్టిక తన పని తాను చేసింది. నొక్కనిది వాళ్ళు."

ఆయనకి ఆఖరుగారు అని పేరు పెట్టింది ఇందుకు కాదు. ఆయన ఏ పనైనా చివరినుంచే మొదలుపెడతారు. పేపరు చివరి పేజీ నుంచి చదువుతారు. లిఫ్టులో చివరిదైన ఆరో అంతస్తుకి వెళ్ళి, మెట్లు దిగి నాలుగో అంతస్తులో ఉన్న తన కుర్చీకి వస్తారు. నేను పాత పుస్తకాల కొట్లో ఏరుకొచ్చిన అపరాధ పరిశోధన నవల ఒకటి ఇస్తే, మర్నాడు పొద్దున్నే లిఫ్టు దగ్గర పట్టుకుని, "చంపింది తోటమాలి. ఎందుకు చంపాడో ఇంకో వారంలో చెప్తా" అన్నారు. ఆయనకిచ్చే ముందు నేను చదివింది పదకొండు పేజీలే.

ఇంటికి ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట "సరే, ఉంటాను." తర్వాత విషయం. అన్నిటికంటే చివర "బాగున్నావా?" అని టక్కున పెట్టేస్తారు. ఓ రోజు స్పీకర్లో వాళ్ళావిడ గొంతు మా గదంతా వినబడింది. "ముప్ఫై ఏళ్ళుగా బాగున్నావా అని అడిగి ఫోన్ పెట్టేస్తున్నారు. జవాబు గోడకి చెప్పుకోనా?"

ఇలాంటి మనిషి కింద నన్ను మూడు నెలలు పరీక్ష మీద వేశారు. నాకు డిగ్రీ లేదు. పని సొంతంగా నేర్చుకున్నాను. డిగ్రీ ఉన్నవాడు తప్పు చేస్తే పొరపాటంటారు, నేను చేస్తే "చదువుకోలేదు కదా పాపం" అంటారు. మా ఆఫీసు తయారుచేసే ఎనిమిది వెబ్‌సైట్లలో ఎనిమిది రకాల పట్టికలున్నాయి. వాటన్నిటికీ పనికొచ్చే పట్టిక ఒక్కటి చెయ్యాలి. ఏ గడి శీర్షిక నొక్కితే ఆ క్రమంలో వరుసలు సర్దుకోవాలి, పేజీకి పది చొప్పున కనబడాలి. "నెలాఖరుకి అవ్వకపోతే నువ్వు వేరే చోటు చూసుకో" అన్నాడు మేనేజరు.

నేను వారంలో ముగించాను. ఆఖరుగారు పక్కన కూర్చుని నేరుగా చివరి పేజీ నొక్కారు.

"మొత్తం ఎన్ని వరుసలు?"

"నాలుగొందల ఏడు సార్."

"చివరి పేజీలో ఏడుండాలి. పదున్నాయేం?"

ముందు పేజీలోవి మూడు మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. సరిచేశాను. మర్నాడు మళ్ళీ చివరి పేజీ. ఆ మర్నాడూ అదే. మొదటి పేజీ ఎంత ముచ్చటగా ఉందో ఆ మహానుభావుడు ఒక్కసారీ చూడలేదు. నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా కొత్త పేచీ తెచ్చారు.

"తేదీ ప్రకారం సర్దితే, తేదీ గడి ఖాళీగా ఉన్నవాళ్ళు ఎటు పోయారు?"

"అందరి వెనక్కి."

"ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు సార్. ఎక్కడైనా అంతే, అలవాటు."

"ఎవరూ చూడని పేజీలోకి మనుషుల్ని తోసేసి అలవాటంటావేంటోయ్?"

"మనుషులేంటి సార్, వరుసలు! నా ఉద్యోగం పోతుంది ఇక్కడ!"

"పోదులే. పట్టిక నెత్తిన ఒక లైను రాయి. ‘ఈ గడి ఖాళీగా ఉన్నవారు ఇంతమంది.’ నొక్కితే వాళ్ళే ముందుకి రావాలి."

తిట్టుకుంటూ మూడు రోజులు రాశాను.

చివరి రోజు, మేం వెబ్‌సైటు చేసిపెట్టే ఒక ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు చూడ్డానికి వచ్చింది. మేనేజరు మొదటి పేజీ చూపించి ఉపన్యాసం దంచుతున్నాడు. ఆవిడ తర్వాతి పరీక్ష తేదీ ప్రకారం తమ రోగుల్ని సర్దింది. నెత్తిన లైను వచ్చింది: ‘తేదీ లేనివారు 23.’ నొక్కింది.

"వీళ్ళందర్నీ మళ్ళీ రమ్మనాలి. తేదీ ఇవ్వడమే మర్చిపోయాం" అంది. ఫోన్ తీసి అక్కడే నిలబడి ఒక్కొక్క పేరూ చదవడం మొదలుపెట్టింది. పట్టిక నచ్చిందా అని మేనేజరు అడిగితే, "ఆగండి, పన్నెండో పేరులో ఉన్నాను" అంది.

నా ఉద్యోగం నిలబడింది. ఆ వారంలోనే ఆ సభ, ఆ బహుమతి. సభ మర్నాడు సంతకాలకి వెళ్తే, ఉద్యోగాల విభాగంలో పనిచేసే అక్క నా కాగితాలు చూసి నవ్వింది.

"నువ్వెలా వచ్చావో తెలుసా బాబూ? దరఖాస్తుల్ని డిగ్రీ ప్రకారం సర్దాం. నీ గడి ఖాళీ కదా, అట్టడుగున పడ్డావు. మేనేజరు మొదటి పేజీ దాటడు. మీ ఆఖరుగారు వచ్చి, చివరి పేజీ నుంచి నేను చదువుతానని కూర్చున్నారు."

"మొదటి పేజీ దాకా చదివారా?"

"ఎక్కడ? నీ దగ్గరే ఆగిపోయారు. నిన్ను పిలిపించేదాకా కదిలితే ఒట్టు."

ఆయన రిటైరైన రోజు బస్టాపు దాకా వెళ్ళాను. నన్ను చూడగానే "సరే, ఉంటాను" అన్నారు. బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"నా దరఖాస్తు సంగతి నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెప్పడానికేముంది? నువ్వు గొప్పవాడివని కాదోయ్, ముందు తగిలింది నువ్వే."

"మరి ఆ సభలో మీ పేరు?"

"ఉంది కదా. రెండో పేజీలో ఒక్కణ్ణే, ఇరుకు లేకుండా."

ఆ నవల్లో తోటమాలి ఎందుకు చంపాడో కూడా అప్పటికి చెప్పారు. ఈలోగా బస్సు వచ్చింది. అందరూ ఎక్కాక ఎక్కి, వెనక సీట్లో కూర్చున్నారు. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి అరిచారు.

"ఏమోయ్, బాగున్నావా?"