కాంపౌండరుగారి ఇంటి ఆవు

మైలవరం చుట్టుపక్కల పల్లెలు తిరిగే పశువుల కాంపౌండరు కృపానందం ఎక్కడ సైకిలు దిగినా ముందు ఫ్లాస్కును చెవి దగ్గర ఊపి చూస్తాడు. విజయవాడ నుంచి బస్సులో వచ్చిన ఐసు గలగలమంటే, ఆవులను చూలు కట్టించే జెర్సీ మందు పాడవనట్టే. ఈ సూదికి పుట్టిన పెయ్య కుండెడు పాలిస్తుందని అందరికీ చెబుతాడు. అది అబద్ధం కాదు. కోడె పుడితే మూపురం లేక మెడ మీద కాడి నిలవదని మాత్రం అడిగితేగాని చెప్పడు. తన ఇంటి ఒంగోలు ఆవుకు ఆ సూది ఏనాడూ వెయ్యలేదు. అది ఎదకొస్తే వెనకదారిన హనుమయ్య ఆబోతు దగ్గరికి తోలుకెళతాడు.

ఈ ఉదయం హనుమయ్య ఆ ఆబోతునే తెచ్చి రచ్చబండ దగ్గరి వేపచెట్టుకు కట్టాడు. "విత్తులు నొక్కండి కాంపౌండరుగారూ. ఎద్దయి అరకకైనా పనికొస్తది."

"నికార్సయిన ఒంగోలు జాతి ఈ చుట్టుపక్కల ఇదొక్కటే గదండీ," అన్నాడు కృపానందం మెల్లగా.

"మీ సూదొచ్చిన కాడ్నించి దీని మొహం చూసేవాడు లేడు. మీ ఇంటి ఆవొక్కదాని కోసం ఎంతకాలం మేపనండీ?"

హనుమయ్య గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. కృపానందం వంగి పట్టకారు బిగించాడు. ఆబోతు మూపురం ఒక్కసారి వణికింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆవు పలుపు తెంచుకునేలా అరుస్తోంది.

"పొద్దుటినుంచీ ఇదే అరుపురా. హనుమయ్యగారి దొడ్డికి తోలుకెళ్ళు," అంది తల్లి మార్త.

కృపానందం సైకిలుకు స్టాండు వేసి, ఫ్లాస్కు తీసి, అలవాటుగా చెవి దగ్గర ఊపాడు. ఐసు ఇంకా గలగలమంటూనే ఉంది.