ప్యానెల్ తలుపు మీద చెరిపిన అంకెలు

మీ మిల్లులో యంత్రాన్ని నడిపే ప్రోగ్రాముకు పెట్టిన పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు? ఒక్కరికేనా? అదే జాగ్రత్త అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను.

చిలకలూరిపేట హైవే మీద ఒక జిన్నింగు మిల్లులో కరెంటు పనులన్నీ నేనే చూస్తాను. ఆదివారాలు హేతువాద సభల్లో మాట్లాడతాను. మంత్రాన్ని చెవిలో చెప్పి, ఇంకొకరికి చెప్పొద్దని ఒట్టు వేయించుకోవడం ఎవరి పెత్తనం కోసమని నిలదీస్తాను.

దూదిని అదిమి బేలు చేసే కొత్త ప్రెస్ మిల్లుకు వచ్చింది. ఎంతసేపు అదమాలో, ఎప్పుడు వదలాలో దానికి చెప్పేది పీఎల్‌సీ అనే చిన్న పెట్టె. అమర్చిన ఇంజినీరు పాస్‌వర్డ్ పెడుతుంటే, కూలీలెవరూ వేలు పెట్టకుండా గట్టిది పెట్టమన్నాను. ఆయన ఆ అంకెల్ని ప్యానెల్ తలుపు లోపలివైపు మార్కరుతో రాసి వెళ్లాడు. అందరికీ కనబడేలా రాయడం నాకు నచ్చలేదు. దసరాకి ప్యానెళ్లు తుడిచి పసుపు రాయడం మా మిల్లు ఆనవాయితీ. ఆ ముందురోజు థిన్నరు గుడ్డతో ఆ అంకెల్ని నేనే చెరిపేశాను. బుర్రలో ఉన్నాయిగా అనుకున్నాను.

రెండు సీజన్లు గడిచాక బేళ్లకు కట్టే పట్టీలు పోయి తీగలొచ్చాయి. తీగకు కొక్కెం తగిలించడానికి ఎక్కువసేపు పడుతుంది. ప్రెస్ మాత్రం పాత లెక్క ప్రకారం ముప్పై సెకన్లకే లేస్తుంది. లేవగానే దూది ఉబ్బుతుంది, తీగ బిగుసుకుంటుంది. వేలు కింద ఉంటే అంతే. బేళ్లు కట్టే ఒక పెద్దాయన, పల్లెలో చర్చి సంఘపెద్ద, చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"ఆ పెట్టెకు చెప్పండి సారూ, ఇంకో పది సెకన్లు ఆగమని. మా పాస్టరుగారి ప్రార్థన ఎంత పొడుగైనా మధ్యలో ఊపిరి పీల్చుకోనిస్తాడు. ఇది పీల్చుకోనివ్వదు."

లాప్‌టాప్ తగిలించాను. అంకెలు గుర్తుకు రాలేదు. వచ్చినవి తప్పు. ఇంజినీరు ఫోను పనిచేయడం లేదు, ఆయన కంపెనీ మూతపడింది. మెమరీ చెరిపితే పాస్‌వర్డుతోపాటు ప్రోగ్రామూ పోతుంది, ఇంకో కాపీ లేదు. ప్రోగ్రాము కొత్తగా రాయించాలంటే ప్రెస్ ఆపాలి.

"సీజన్ అయ్యాక చూద్దాంలెండి" అన్నాడు యజమాని. యార్డులో పత్తి లారీలు బారులు తీరి ఉన్నాయి.

పూజకు తుడిచినవాళ్లే చెరిపేశారని మిల్లంతా అనుకుంది. నేను కాదనలేదు. పైగా ఆ ఆదివారం సభలో, పసుపు పూసి పాస్‌వర్డ్ పోగొట్టుకున్న మిల్లు కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

పది రోజులకు పెద్దాయన మధ్యవేలు తీగ కింద పడింది. పై కణుపు పోయింది. చూడటానికి ఆసుపత్రికి వెళ్లి, చెరిపింది నేనేనని చెప్పాను.

"పసుపు మీదకు తోశారా? పోన్లెండి, అది ఎదురు మాట్లాడదుగా."

"నువ్వు తిట్టు, పడతాను."

"తిడితే పెట్టె తెరుచుకుంటదా? వచ్చే వారం నుంచి మళ్లీ పనిలోకే రావాలి నేను."

వచ్చాడు. ఇప్పుడు ప్రెస్ తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ పక్కన నిలబడి సెకన్లు పైకి లెక్కపెడుతున్నాను. ఇరవై ఐదు అనగానే, కొక్కెం పడినా పడకపోయినా అందరూ చేతులు తీసేయాలి. కట్టని తీగల నుంచి బేలు పిగిలితే పిగలనీ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవే అంకెలు. నేను ఆ పక్క నుంచి కదల్లేను, ఆయన ఈ పక్క నుంచి కదల్లేడు.

"జపం బాగానే పట్టుబడింది సారూ మీకు" అంటాడు తీగ దూరుస్తూ.

జవాబు చెప్పడానికి లెక్క ఆపలేను.

ఇది చదవడం ఆపి, మీ ప్యానెల్ దగ్గరకు నడవండి. పాస్‌వర్డ్, ప్రోగ్రాము కాపీ ఎక్కడున్నాయో అడగండి. ఎవరో ఒకరి బుర్రలో ఉన్నాయంటే, ఆ మనిషి చేత ఇవాళే కాగితం మీద రాయించండి. యంత్రంలో చెయ్యి పెట్టేవాళ్ల ముందు కూర్చోబెట్టి రాయించండి.