మాస్టారి గొంతున్న ఒకే ఒక్క టేపు

జనవరి, ఆదివారం. దట్టంగా పొగమంచు. మోటారు వేసి ట్యాంకు నింపాను. పోయిన వారం ట్యాంకు చూడడానికి మేడమీదికి వెళ్తుంటే పైవాటా తలుపు తీసి ఉంది. ఇంగ్లీషు మాస్టారి కూతురు గడపలో నిలబడి, "అంకుల్, పాపా నహీఁ రహే" అంది, నాన్న ఇక లేరని. రోజూ ఇలా పుస్తకంలో ఆనాటి పద్దు రాసేవాణ్ణి, ఆ రోజు ఏమీ రాయలేకపోయాను. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఘాజియాబాద్‌లో మాస్టారిదీ నాదీ ఒకటే మేడ, ఇద్దరం తెలుగువాళ్లమే. ఆయన కాలేజీలో ఆధునిక నవల పాఠం చెప్పి రిటైరయ్యారు. నేను బడి మధ్యలో మానేసి, దొరికింది చదువుకున్నవాణ్ణి. మొదటిసారి పైనుంచి ఆ మోత విని, ఏదో మిషను పాడైందనుకుని వెళ్లాను. గిటారు, డ్రమ్ము, మధ్యలో ఎవరో వార్తలు చదువుతున్నారు.

"పాట ఎప్పుడు మొదలవుతుందండీ?" అన్నాను.

"అయిపోవచ్చింది. కూర్చోండి" అన్నారు.

రాక్ సంగీతంలో ఈ వాయించేవాళ్లదొక దారి అని చెప్పారు. నవల రాసేవాళ్లు కథను ముక్కలు చేసినట్టే, వీళ్లు పాటను కోసి అతికిస్తారట. "నవలలో కథ తెగితే గొప్పంటారు. పాటలో తాళం తెగితే చెవులు మూసుకుంటారు. ఇదేం న్యాయమండీ? బస్సులో కూర్చున్నవాడి బుర్రలో ఇల్లు, ఆఫీసు, హారను, ఎప్పటిదో పాట, అన్నీ ఒకేసారి ఉంటాయి. వరసగా ఆలోచించేదెవరు?"

ఆయన దగ్గర పాత స్పూల్ టేప్‌రికార్డరు ఉండేది. టేపు ముక్క కోసి, రెండు కొసలూ అతికించి, గాజులా చుట్టు చేసేవారు. అది బిగువుగా తిరగడానికి ఒకవైపు నిలువుగా పెన్సిలు పట్టుకోవాలి. అది నా పని. పాతది చెరిపే భాగానికి అట్టముక్క అడ్డం పెట్టేవారు. కొత్త మోత పాతదాని మీదే పడేది. అడుగున ఉన్నది మసకబారేది గానీ పోయేది కాదు.

కింది వాటా దీదీ మెట్లమీంచి అరిచేది: "మాస్టర్‌జీ, ఆప్‌కా టేప్ ఫఁస్ గయా!" టేపు ఇరుక్కుపోయిందని ఆవిడ గోల.

"ఠీక్ హై బెహన్‌జీ, ఉసే ఫఁసా రహనే దీజియే" అనేవారు, ఇరుక్కునే ఉండనివ్వమని.

అన్నిటినీ రికార్డు చేసేవారు గానీ తన గొంతు పడనిచ్చేవారు కాదు. ఫోనులో వాయిస్ మెసేజీ కూడా పెట్టేవారు కాదు. "పాట వింటున్నామనుకుంటాం. సగం వినేది యంత్రాన్నే. అందులో పడ్డ గొంతు మనిషి బతికుండగానే దయ్యమవుతుంది" అనేవారు.

ఒక్కసారి మాత్రం పొరపాటున పడింది. ఆ సంగతి నాకే తెలుసు. ఇవాళ పొద్దున ఆ అమ్మాయి సామాను సర్దుతుంటే చెప్పాను.

ఆమె చేతిలోని పెట్టె కింద పెట్టేసింది. "పాపా కీ ఆవాజ్? అంకుల్, చలాయియే." నాన్న గొంతు వినిపించమంది.

టేపు చూపించాను. అతుకు ఎండిపోయింది. ముట్టుకుంటే పొడి రాలుతోంది. తెగిందా, ఆయన మరి లేరు. తిప్పకుండా దాచుకోమన్నాను.

"దాచుకుని ఏం చేయను?" అంది. తెలుగులోనే అంది.

టేపు ఎక్కించాను. పెన్సిలు పట్టుకున్నాను. రికార్డు చేయడానికి ఆమె పక్కనే ఫోను పెట్టింది. గిటారు. కుక్కరు కూత. మెట్రోలో స్టేషన్ పేరు చెప్పే గొంతు. అప్పుడు ఆయన: "నవ్వకండి, పడుతోంది." వెనకే ఒక నవ్వు.

"యే కౌన్ హైఁ?" నవ్విందెవరని అడిగింది.

"నేనేనమ్మా."

"ఆప్ హఁస్తే భీ థే?" మీరు నవ్వేవారా కూడా అంది.

చుట్టు తిరిగింది, టేపులో ఆయన మళ్లీ వచ్చారు. మళ్లీ నవ్వాను. ఫోనులో పడింది, ఇక ఆపొచ్చు. ఆమె ఆపమనలేదు, నేనూ పెన్సిలు తీయలేదు. చుట్టు చుట్టుకీ గోధుమరంగు పొడి బల్లమీద పడుతోంది. ఆయన గొంతు పలచబడుతోంది. కింద పాలవాడు గేటు కొట్టాడు. ఇంట్లో ఎప్పుడూ హిందీలోనే బదులిచ్చిన పిల్ల, కళ్లు మూసుకుని, ఆయనకంటే ఒక్క క్షణం ముందే, చప్పుడు లేకుండా పెదవులు కదుపుతోంది: నవ్వకండి, పడుతోంది