లాగ్‌లో ఉన్న మాట

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను యూనివర్సిటీలో భాషాశాస్త్ర విభాగం కంప్యూటర్లు చూసేవాణ్ణి. మాది కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. నాది పర్మనెంట్ ఉద్యోగం. నాతో పనిచేసే టెక్నీషియన్ వారాసిగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన సార్ అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం సర్వర్‌లో మూడో డిస్కు దగ్గర ఎర్రదీపం వెలిగింది. అందులో ఎనిమిది డిస్కులు. ఒకటి పోయినా పని నడుస్తుంది, రెండోది పోతే మొత్తం పోయినట్టే. మా విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒకామె ఐదేళ్లు పల్లెలు తిరిగి రికార్డు చేసిన ముసలమ్మల మాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ముసలమ్మల్లో కొందరు అప్పటికే చనిపోయారు. బ్యాకప్ తీసే మెషిన్ పాడై నెలలు గడిచినా నేను పట్టించుకోలేదు.

క్యాంపస్ గేటు దగ్గర విద్యార్థులకూ పోలీసులకూ గొడవ జరుగుతోంది. టియర్ గ్యాస్ ఘాటు సర్వర్ రూమ్‌లోకి కూడా వచ్చింది. నేను ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొత్త డిస్కు అట్టపెట్టెలోంచి తీశాను.

"సార్, డిస్కులను నడిపిచ్చే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పాతది ఉన్నది. నడుస్తుండంగ డిస్కు గుంజితే డిస్కుల కంట్రోలర్ అటకాయించి ఆగిపోతది. బంద్ చేసి మారుద్దాం. అర్ధగంట పని" అన్నాడాయన.

"నడుస్తుండగా మార్చుకోవచ్చనే కదన్నా ఈ సర్వర్ కొన్నది!"

"డబ్బా ఒప్పుకుంటది సార్, డ్రైవర్ ఒప్పుకోవాలె గద."

సర్వర్ ఆపాలంటే హెడ్ గారి అనుమతి కావాలి. వెళ్లి అడిగితే బ్యాకప్ సంగతి అడుగుతారు. నేను టెక్నీషియన్ మాట వినకుండా పాత డిస్కు లాగేసి కొత్తది తోశాను. స్క్రీన్ మీద ఎర్రర్లు వరసగా దిగాయి. ఐదో డిస్కు దగ్గర కూడా ఎర్రదీపం వెలిగింది. సర్వర్ ఆగిపోయింది.

ఆయన స్క్రీన్ దగ్గరికి వంగి చూశాడు. "ఏం ముట్టకుండ్రి సార్. రేపు నేనొచ్చి చూస్త" అన్నాడు.

మర్నాడు బంద్. పోలీసులు రోడ్లు మూసేశారు, ఆయన రాలేకపోయాడు. నేను తార్నాక నుంచి సందుల్లో నడిచి వెళ్లాను. హెడ్ గారి గదిలో ఆ పీహెచ్‌డీ అమ్మాయి ఏడుస్తూ కూర్చుని ఉంది.

"ఎవరు ముట్టుకున్నారు దాన్ని?" అన్నారు హెడ్ గారు.

నేను రాత్రంతా ఆలోచించుకుని రాలేదు. నోట్లోంచి అలా వచ్చేసింది. "మన టెక్నీషియన్ సార్. తప్పు డిస్కు లాగేశాడు."

"ఊరేగింపుల్లో తిరిగేవాళ్లకి పని మీద ధ్యాసెక్కడుంటుంది?" అన్నారాయన. మా టెక్నీషియన్ ఏ ఊరేగింపుకీ వెళ్లగా నేను చూడలేదు. ఆ మాట కూడా నేను అనలేదు. సాయంత్రానికల్లా కాంట్రాక్టు రద్దు కాగితం తయారైంది.

రెండు రోజులు లాగ్ చదువుతూ కూర్చున్నాను. సర్వర్ నడుస్తుండగా ఏం జరిగిందో సెకన్లతో సహా అది రాసిపెట్టుకుంటుంది. టెక్నీషియన్ చెప్పినట్టే ఉంది. నేను డిస్కు లాగగానే పాత డ్రైవర్ తికమకపడి, ఏ జబ్బూ లేని ఐదో డిస్కుని కూడా పోయినట్టు లెక్కేసింది. సర్వర్ పూర్తిగా ఆపి, కొత్త డ్రైవర్ ఎక్కించి, పాత అమరికనే చదవమన్నాను. డిస్కులు లేచాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక ముసలమ్మ నాట్ల గురించి చెబుతూ నవ్వుతోంది.

ఆ అమ్మాయి అందరికీ స్వీట్లు పంచింది. హెడ్ గారు నా భుజం తట్టారు. ఆదివారం చర్చిలో మా అమ్మ లేచి నిలబడి, తన కొడుకు చేతుల్ని దేవుడు వాడుకున్నాడని సాక్ష్యం చెప్పింది. నేను ఆమె పక్కనే తల వంచుకుని ఉన్నాను. వినయం అనుకున్నారు అందరూ.

పది రోజుల తర్వాత టెక్నీషియన్ మా ఇంటికొచ్చాడు. ఎక్కడో పనికి అడిగితే అనుభవ పత్రం తెమ్మన్నారట. మా అమ్మ టీ ఇచ్చింది.

"డేటా వచ్చిందట గద సార్. మంచిగైంది" అన్నాడు. టీ తాగుతూ అడిగాడు. "లాగ్ చూసిండ్రా?"

"లేదన్నా. కొత్త డ్రైవర్ ఎక్కించినప్పుడు చెరిగిపోయింది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "డ్రైవర్ ఎక్కిస్తే లాగ్ పోదు సార్" అన్నాడు, నాకు పని నేర్పేటప్పటి గొంతుతోనే.

ఆయనకు అంతా తెలిసిపోయిందని నాకర్థమైంది. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను. అనుభవ పత్రం సంగతి హెడ్ గారిని అడగాలన్నాను. "అడుగుండ్రి" అని లేచి, మా అమ్మకి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

నేను అడగలేదు. సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్లగానే సర్వర్ ముందు కూర్చుని ఆ నెల లాగ్ చెరిపేశాను.