అంబదాస్ మామ ఇంట్ల కిరాయిదార్లు లేరు

"కిరాయిదార్లా? మా ఇంట్ల కిరాయిదార్లు ఎవ్వలు లేరు సార్. అందరు సుట్టాలే."

భైంసాలో మా గల్లీకి విచారణకు వచ్చిన రెవెన్యూ గిర్దావర్ సారుతోటి అంబదాస్ మామ అన్న మొదటి మాట ఇది. అని, కండువతోటి మంచం దులిపి కూర్చోమన్నడు. సార్ కూర్చోలేదు. వాకిలి చుట్టూ వరుసగా ఉన్న గదులను, గదిగదికీ వేరుగా పొగలేస్తున్న పొయ్యిలను, ఎవరి తాడు మీద వాళ్ళు ఆరేసుకున్న బట్టలను చూసిండు. తర్వాత తన చేతిలో ఉన్న కాగితాలు చూసుకున్నడు. రెండూ కలవలేదు.

అంబదాస్ మామకు ఉన్నది ఒకటే పిచ్చి. ఆయన నోట్లో కిరాయి అనే మాట తిరగదు. తండ్రి కట్టిచ్చిన పాత ఇంట్లో గదులన్నీ కిరాయికే ఇస్తడు. నెల కాంగనే తీసుకుంటడు కూడా. కాని "జర ఇంటి సంగతి చూస్తివా అల్లుడా" అంటడే తప్ప కిరాయి అనడు. సామాను దించిన పూటనే మనకొక వరుస కడతడు. ఇగ అది మారదు. ఖాళీ చేసి నిజామాబాదు పోయినా సుట్టరికం పోదు.

నేను జిన్నింగు మిల్లులో పనికి కుదిరి, ట్రంకుపెట్టెతోటి ఆయన వాకిట్లో నిలబడ్డప్పుడు నన్ను కిందికీ మీదికీ చూసి "మేనల్లుడు" అన్నడు. ఎందుకట్లా అని అడిగిన.

"మేనల్లుడైతే పని చెప్తే కాదనడు" అన్నడు. ఆ పూటనే బావిలో పడ్డ బొక్కెన నాతోటి తీపిచ్చిండు.

వరుసలు కట్టుటలో ఆయనకొక పద్ధతి ఉండేది. తాగివచ్చి లొల్లి చేసే కొండల్‌ను బావ అన్నడు, ఎందుకంటే బావను నోరారా తిట్టొచ్చు. కొండల్ పెండ్లాం కిష్టవ్వ నోటికి గల్లీ మొత్తం భయపడేది గనుక, ఆమె ముందర తల వంచుకొని పోవడానికి వీలుగా ఆమెను అత్త అన్నడు. దాంతోటి మా ఇంట్లో బావా అత్తా మొగుడూ పెండ్లాలు అయిండ్రు. కిష్టవ్వ ఒకనాడు ఆపి నిలదీసింది, తాను అత్తయితే తన మొగడు మామ కావాలె గదా అని.

"మామ అయితే తిట్టరాదు గద అత్తా" అన్నడు ఈయన మెల్లగ.

ఆమె అది గూడ నిజమే అని పోయింది. పాలు పోసేటాయన పెదబాపు. పోస్టుమాను తోడల్లుడు. తన పుట్టింటోళ్ళు వస్తే కూర్చోను జాగ లేకుండ ఈయన సుట్టాలే నిండిండ్రని ఆయన భార్య అనసూర్యత్త రోజూ గొణిగేది. ఇదంతా దేనికోసమో తెలుస్తదేమోనని నేను చాన రోజులు ఓపికగా విన్న. నాకేమీ అంతుపట్టలేదు.

ఆ ఏడు వానకాలం వాగు పొంగి ఒడ్డు మీది గుడిసెలు కొట్టుకపోయినయి. గూడు పోయిన బీదోళ్ళు ఊర్లో ఎవరింట్లోనన్న కిరాయికుంటే ఏడాది దాకా సర్కారే కిరాయి కడతదని చాటింపు వేసిండ్రు. గిర్దావర్ సార్ ఇంటింటికి వచ్చి విచారించి వాళ్ళకొక చీటీ ఇస్తడు. ఆ చీటీ ఇంటాయనకిస్తే ఆయన తాసిల్ కచేరిలో చూపించి పైసలు తెచ్చుకోవాలె. షరతు ఒకటే. సుట్టాల ఇంట్లో ఉండేవాళ్ళకు చీటీ లేదు, వాళ్ళకు గూడు ఉన్నట్టే లెక్క.

మా ఇంట్లో ఆ చీటీ కావలసింది తోమాసుకు, ఆయన పెండ్లాం మగ్దలేనమ్మకు. గుడిసె గోడ పడి తోమాసు కాలు విరిగింది. మిషన్ దవాఖానలో కట్టు కట్టించి మగ్దలేనమ్మ ఊరంతా తిరిగితే ఎవ్వరూ గది ఇయ్యలే. ఎవరు మీరు అని అడుగుడు, వాగు కాడి వాడ అనంగనే తలుపేసుకొనుడు. అంబదాస్ మామ ఒక్కడే ఏమీ అడుగకుండ సామాను దింపిచ్చుకున్నడు. దించీ దించకముందే పక్కింటి హనుమండ్లు తల గోడ మీదికి లేచింది. బావి రెండిండ్లకూ ఉమ్మడిది.

"ఎవరు అంబదాసూ వీళ్ళు?"

"సుట్టాలు."

"ఎటు దిక్కు?"

"మా అవ్వ దిక్కు. అంటే నీకు గూడ అయితరు."

మామ అవ్వ, హనుమండ్లు అవ్వ సొంత అక్కచెల్లెండ్లు. హనుమండ్లు తల గోడ కిందికి దిగింది.

మగ్దలేనమ్మ మాట పడేది కాదు, ఊకె తినేది కాదు. సార్ వచ్చే ముందురోజే నాకు చెప్పింది, చీటీ రాకుంటే ఖాళీ చేస్తమని. ధర్మానికి ఉంటే ముద్ద దిగదట. ఎక్కడికి పోతరంటే వాగు దిక్కు చెయ్యి చూపింది. వానలు ఇంకా పోలేదు.

అందుకే సార్ కాగితాలు చూసుకుంటుండంగ నేను మామ చెవిలో గొణిగిన. ఒక్కసారి కిరాయిదార్లు అను మామా, నీ నోరేం పోతది అని. మామ గోడ దిక్కు చూసిండు. తల కనపడలేదు గని, గోడ అవతల నుంచి సన్నగా చుట్ట పొగ లేస్తుండె.

"సుట్టాలే" అన్నడు మామ మళ్ళీ, పొగకు వినపడేటట్టు.

గిర్దావర్ సార్ గుంటూరు దిక్కు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిండు. మర్యాదస్తుడు. మా మాట ఆయనకు సగం తెలిసేది, ఆయన మాట మాకు సగం తెలిసేది. ఎవరెవరు ఏమవుతారని వరుసగా అడుగుకుంట పోయిండు. బావ పెండ్లాం అత్త అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మంచినీళ్ళు అడిగిండు. తాగి మగ్దలేనమ్మ దగ్గర ఆగిండు.

"ఏమ్మా, ఈయన మీకు ఏమవుతారు?"

అవ్వ దిక్కు అన్నడే గని, మామ ఆమెకొక్కతెకు ఇంకా ఏ వరుసా కట్టలేదు. సుట్టమంటే చీటీ పోతది. కిరాయి అంటే పొగ వింటది. ఆమె గోడ దిక్కు చూసింది, మంచం మీది మొగన్ని చూసింది.

"అన్న" అన్నది.

సార్ కలానికి మూత పెట్టిండు. "అయితే చుట్టాలే కదమ్మా. చీటీ రాదు."

"నేను ఆడబిడ్డను సార్."

"ఆడవాళ్ళేనని కనపడుతోందమ్మా."

"అది గాదు. ఆడ బిడ్డను అంటున్న. ఈడ బిడ్డను గాను."

సార్ నా దిక్కు చూసిండు. మా దగ్గర ఆడ అంటే అక్కడ, ఈడ అంటే ఇక్కడ అని నేను చెప్పిన. పెండ్లి చేసి ఇచ్చినంక బిడ్డ అక్కడి మనిషే అవుతదని, అందుకే ఆడబిడ్డ అంటమని.

"అక్కడ అంటే ఎక్కడ?"

"అత్తగారింట్ల."

"ఆ ఇల్లు ఎక్కడుంది?"

"వాగుల పోయింది సార్" అన్నడు తోమాసు మంచం మీద నుంచి.

సార్ అప్పుడు కూర్చున్నడు. ఈమె ఇక్కడి మనిషి కాదు, అక్కడ ఇల్లు లేదు, ఉండేది మాత్రం ఇక్కడ అని వేళ్ళు ముడుచుకుంట తనకు తానే చెప్పుకున్నడు. ఎంత అక్కడి మనిషైనా అన్నగారు ఊరికే ఉంచుకోవచ్చు కదా అని మామను అడిగిండు.

"ఎట్ల ఉంచుకుంటడు? వదినెను నేను సచ్చిన్నా?" అన్నది అనసూర్యత్త లోపలి నుంచి. రోజూ తోమాసుకు గంజి కాచి పోసే మనిషి. "ఇంటి సంగతి చూడకుంట ఆడబిడ్డ నా ఇంట్ల ఒక్క పూట ఉంటదా?"

సార్ మొఖం తేటపడింది. పొద్దున్నుంచి ఆయనకు పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే. "ఈ వదినా ఆడపడుచుల గొడవ మా వైపు కూడా ఉన్నదే" అని కలం మూత తీసి చీటీ రాసిచ్చిండు.

ఆయన గల్లీ మలుపు తిరుగంగనే హనుమండ్లు తల పైకి లేచింది.

"అంబదాసూ, నీకు చెల్లె అంటే నాకు గూడ చెల్లె అయితది గదా?"

"అయితది."

"పండుగకు చీర నేను గూడ పెట్టాల్నా?"

"పెట్టాలె."

తల దిగింది. మళ్ళీ చాన రోజులు లేవలేదు.

చీటీ మీద కచేరిలో పైసలు ఇచ్చిన రోజు మామ తిరిగివచ్చేటప్పుడు ఆ పైసలతోటే బియ్యం కొనుక్కొని వచ్చిండు. అనసూర్యత్త మగ్దలేనమ్మను పీట మీద కూర్చోబెట్టి ఒడిబియ్యం పోసింది. ధర్మమైతే ఆమె ముట్టకపోతుండె. పుట్టింటి ఒడిబియ్యం ఎట్ల కాదంటది? కండ్లు మూసి ప్రార్థన చేసుకొని కొంగు పట్టింది. ఆ తర్వాత ప్రతినెలా ఇదే తంతు. నెలనెలా ఒడిబియ్యం పోసే ఊరు లోకంలో ఇంకోటి ఉండదు. ఆ బియ్యం కిరాయి పైసలవే గదా అని ఒకసారి నోరు జారిన.

"ఏ కిరాయి?" అన్నడు మామ.

ఆ పూట వదలకుండ అడిగిన. కిరాయిదారు అంటే ఏమైతది మామా అని. ఆయన చుట్ట ముట్టించుకొని గోడ దిక్కు చూసిండు.

"కిరాయిదారంటే ఏ కులమని అడుగుతరు అల్లుడా. సుట్టమంటే అడుగరు. అడిగితే నన్ను అడిగినట్టే గదా."

నేను ఇంకేదో అనబోయిన. ఆయనకు అప్పుడే యాదికొచ్చింది.

"అరే, ముధోల్ బస్సుకు మన సుట్టాలు వస్తుండ్రు. పోయి తోలుకరాపో."

"ఎవరు మామా?"

"నాకేమెర్క. ఇల్లు దొరకక పరేషాన్ అవుతుండ్రట."

"మరి నేనెట్ల గుర్తుపట్టాలె?"

"సామాను దించుకొని, ఎటు పోవాల్నో తెల్వక నిలబడ్డోళ్ళు మన సుట్టాలే. వరుస నువ్వు అడుగకు, నేను చూసుకుంట. తొవ్వల హనుమండ్లు కలిస్తే మాత్రం మా అవ్వ దిక్కు అని చెప్పు. పో, బస్సు వచ్చే యాళ్ళైంది."