రెండో డిస్కు కోసం మా బావ చేసిన యుద్ధం

మా అక్క మొగుడు కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టరు తీసి పంపిన అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేస్తాడు, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి పళ్ళు ఒక్కొక్కటే నిలబెడతాడు. వాళ్ళ ఊళ్ళో ముసలివాళ్ళు సగం మంది ఆయన చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు. ఆ పని గురించి అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాడు. ‘పాతాళానికి లిఫ్టు’ గురించి అడిగారా, ఇక ఆ రోజుకి మీకు వేరే పని పెట్టుకునే యోగం లేనట్టే.

అదొక పాత రాక్ ఆల్బమ్. పాటలన్నీ కలిపి ఒకటే కథ. లిఫ్టు నడిపే మనిషి ఒకడు పొద్దున్నే డ్యూటీకొచ్చి మీట నొక్కుతాడు. లిఫ్టు నేల అంతస్తు దాటి కిందికి దిగుతూనే ఉంటుంది, ఒక్కో అంతస్తులో ఒక్కో లోకం. మొత్తం రెండు డిస్కులు, ఒక్కోదానికి రెండేసి చొప్పున నాలుగు పక్కలు. అందులో మూడో పక్క అంతా ఒకే పాట, పేరు ‘యంత్రాల గది’. పాటన్న మాటే గానీ అందులో మాటల్లేవు. గుర్రుమని ఒక మోత, ఆ మోత మీద అప్పుడప్పుడూ దారి తప్పినవాడు అడ్రసు అడుగుతున్నట్టు ఒక ఫ్లూటు. ఈ ఆల్బమ్ అయిన వెంటనే పాడేవాడు బృందాన్ని వదిలేసి వెళ్ళిపోయాడట. ఎందుకు వెళ్ళాడన్నది అభిమానులకి పెద్ద మిస్టరీ. మూడో పక్క ఒకసారి విన్న నాకు అందులో మిస్టరీ ఏమీ కనబడలేదు.

పెళ్ళైన కొత్తలో ఒక మధ్యాహ్నం బావ అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీలు మూసి, మొదటి పక్క నుంచి చివరిదాకా వినిపించాడు. రెండో పక్క సగంలో ఉండగా అక్క నిద్రపోయింది. ఆవిడ తన్మయత్వంతో కళ్ళు మూసుకుందనుకుని బావ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళయినా అక్క ఆ భ్రమ చెదరగొట్టలేదు. “సంసారమన్నాక కొన్ని చెప్పకూడదే,” అంటుంది నాతో.

కాలేజీ చదువుకని నేను వాళ్ళింట్లో దిగేసరికి బావ వర్క్‌షాపులో అభిమానుల సంఘం ఒకటి నడుస్తోంది. వర్క్‌షాపంటే ఇంటి కింది గది. గోడల అరల నిండా ప్లాస్టర్ దవడలు నోళ్ళు తెరుచుకుని ఉండేవి, అందుచేత మనుషులు ఎంత తక్కువొచ్చినా సభ నిండుగానే కనబడేది. ఆదివారం పొద్దున్న పళ్ళు నునుపు చేసే మిషను మీద గుడ్డ కప్పి, దాని పక్కన రికార్డు ప్లేయరు పెట్టేవాడు బావ. నేను టీ పట్టుకెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఎవరో ఒకరి మీద వేలు చూపిస్తూ ఉండేవారు.

గొడవంతా రెండో డిస్కు గురించి. మొదటి డిస్కు అద్భుతమని అందరూ ఒప్పుకుంటారు. రెండోది మహాద్భుతమని బావ వర్గం, శుద్ధ దండగని డ్రైవింగ్ స్కూలు మాస్టారి వర్గం. ఈ మాస్టారు పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు. రోజంతా పక్క సీట్లో కూర్చుని జనాన్ని కేకలేసే ఉద్యోగం కాబట్టి ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం ఆయనకి అలవాటు లేదు. ఆయన వర్గంలోనే ఒక లెక్చరరు ఉండేవాడు. ఆయన ఏ వాక్యమైనా ‘నిర్మాణపరంగా చూస్తే’ అని మొదలుపెడతాడు. ఆ తర్వాత ఏమంటాడో నాకు తెలీదు. ఎప్పుడూ అక్కడిదాకా వినలేదు.

“రెండో డిస్కు లేకపోతే లిఫ్టు ఎక్కడికి దిగినట్టండీ?” అనేవాడు బావ.

“అసలెందుకు దిగాలండీ? మొదటి డిస్కు చివర హాయిగా ఆపేస్తే వాడు డ్యూటీ దిగి ఇంటికెళ్ళేవాడు, మనమూ వెళ్ళేవాళ్ళం,” అనేవారు మాస్టారు.

ఒక ఆదివారం మాస్టారు ఇంకో మెట్టు ఎక్కి, లిఫ్టు అసలు కదలనే లేదు, ఆ మనిషి నిలబడి కునుకు తీశాడంతే అనేశారు. బావ ముఖం జేవురించింది. బల్ల మీద చేత్తో గట్టిగా ఒకటి చరిచాడు. ఆ అదురుకి పై అరలోని దవడ ఒకటి కిందపడి రెండు చెక్కలైంది. అది రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారి కింది దవడ. పాపం, ఆవిడ మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళి నోరు తెరవాల్సొచ్చింది. ప్లాస్టర్ నాసిరకందని ఆవిడకి చెప్పారు. లిఫ్టు కదిలిందా లేదా అన్న సమస్య మీద పగిలిందని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ రోజుతో సంఘం రెండు ముక్కలైంది. కానీ మంచి స్పీకర్లున్నది బావ దగ్గరే. అందుకని మాస్టారి వర్గం పొద్దున్న, బావ వర్గం మధ్యాహ్నం కూడేలా ఒప్పందం కుదిరింది. మెట్ల మీద ఎదురుపడితే ఎవరి ముఖం వాళ్ళు గోడకి తిప్పుకునేవారు. టీ మాత్రం రెండు పూటలా మాదే.

ఇంతలో మాస్టారికి ఒక ఆపద వచ్చిపడింది. కొత్తగా నేర్చుకుంటున్న ఒకావిడ కారు ఆపమంటే ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కింది. మాస్టారి మూతి ముందున్న అద్దానికి కొట్టుకుని పైవరస పళ్ళు నాలుగు రాలిపోయాయి. ఊళ్ళో పళ్ళు కట్టేది మా బావొక్కడే. డాక్టరు అచ్చు తీసి పంపిన రోజున బావ ఆ ప్లాస్టర్ దవడని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. శత్రువు నోరు అంత నిశ్శబ్దంగా ఉండటం ఆయన చూడటం అదే మొదటిసారి.

మైనం మీద పళ్ళు నిలబెట్టాక సరిపోయాయో లేదో చూడటానికి డాక్టరు మాస్టారిని వర్క్‌షాపుకే పంపాడు. నేను అక్కడే ఉన్నాను. బావ ఆ అమరికని ఆయన నోట్లో పెట్టి, “కొరికి పట్టుకోండి. కదిలితే వంకర పోతుంది. నేను చెప్పేదాకా మాట్లాడకూడదు,” అన్నాడు. మాస్టారు తలూపారు. బావ తాపీగా వెళ్ళి చెయ్యి కడుక్కుని, ‘యంత్రాల గది’ పెట్టాడు.

మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. చేతులు గాల్లో ఏదో తిట్టాయి. కానీ పళ్ళ మీద భయంతో నోరు విప్పలేదు. బావ ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఫ్లూటు వచ్చినప్పుడల్లా వేలెత్తి చూపిస్తూ, ఇన్నేళ్ళుగా సగంలో ఆగిపోయిన వాదనలన్నీ పూర్తి చేశాడు. ఆ మధ్యాహ్నం అంత ఆనందంగా ఉన్న బావని నేను మళ్ళీ చూడలేదు. మూడో పక్క అయిపోయాక అమరిక బయటికి తీసి అడిగాడు.

“ఎలా ఉంది?”

“వదులుగా ఉంది. సాగుతోంది. మధ్యలో ఎక్కడా పట్టు లేదు.”

బావ కంగారుపడ్డాడు. “పళ్ళా?”

“పళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయండీ,” అన్నారు మాస్టారు.

పళ్ళొచ్చిన కొన్నాళ్ళకి, ఒక ఆదివారం పొద్దున్నే మాస్టారు ఆ కొత్త పళ్ళన్నీ బయటపెట్టుకుని దిగారు. రెండు వర్గాలకీ ఫోన్లు చేసి రప్పించారు. ఆయన ఫోన్లో ఒక వీడియో ఉంది. ఆల్బమ్‌ని మళ్ళీ కొత్తగా విడుదల చేస్తున్నారని, బృందం నాయకుణ్ణి ఎవరో ఇంటర్వ్యూ చేశారు. ఆయన ఇప్పుడు బట్టతల ముసలాయన, తోటలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మూడో పక్క గురించి అడిగితే నవ్వాడు. రెండు డిస్కులొస్తాయని ముందే నలుగురికీ చెప్పేసుకున్నారట, తీరా చూస్తే పాటలు చాల్లేదట. ఒకరోజు భోజనానికెళ్తూ మైకు ఆపడం మర్చిపోతే స్టూడియోలో ఉన్న ఫ్రిజ్ మోత రికార్డయిందట. వినడానికి బాగానే ఉందని దాని మీద ఫ్లూటు అతికించారట.

గదిలో అందరూ నోళ్ళు తెరిచారు. దవడలు కూడా మామూలు కన్నా ఎక్కువ నోరు తెరిచినట్టు అనిపించాయి నాకు.

“ఇప్పుడేమంటారు?” అన్నారు మాస్టారు.

“ఆయనకేం తెలుసు?” అన్నాడు బావ.

“చేసింది ఆయనేనండీ బాబూ!”

“అయితే? నేను చేసిన పళ్ళతో ఎవరు ఏం నములుతున్నారో నాకు తెలుసా?”

మాస్టారు నవ్వడానికి నోరు తెరిచారు గానీ, ఈలోపు వెనక నుంచి లెక్చరరు లేచి నిలబడ్డాడు. “నిర్మాణపరంగా చూస్తే... ఎవరూ చెయ్యని సంగీతం! ఇన్నాళ్ళూ దీన్ని చెత్తనుకున్నాను. మనిషి ప్రమేయమే లేని కళ ఇది. ఫ్రిజ్! ఆహా, ఫ్రిజ్!”

మాస్టారి గెలుపు ఒక టీ చల్లారేంత సేపైనా నిలవలేదు. నెల తిరక్కుండా ఆయన వర్గమంతా లెక్చరరు వెనక వెళ్ళింది. బావ వర్గంలోవాళ్ళు కూడా ‘ఫ్రిజ్ అయితే ఇంకా గొప్పే కదా’ అని ఒక్కొక్కరే జారుకున్నారు. నిన్నటిదాకా ఆ మోతలో మానవజాతి దుఃఖం విన్నవాళ్ళు, ఇవాళ అందులో మానవుడే లేడని మురిసిపోయారు. మోత మాత్రం అదే. ఒకరోజు లెక్చరరు రికార్డింగ్ మిషను పట్టుకుని ఇద్దరు శిష్యులతో మా వంటింట్లోకే వచ్చేశాడు.

“మీది పాత ఫ్రిజ్జట కదండీ, కొంచెం వింటాం,” అన్నాడు అక్కతో.

“వినండి. చేతనైతే కొంచెం బాగు కూడా చెయ్యండి. మెకానిక్‌ని రమ్మంటే రావట్లేదు,” అంది అక్క, గిన్నెలు తోముతూనే.

వాళ్ళు కళ్ళు మూసుకుని ఫ్రిజ్ ముందు కూర్చున్నారు. చెడిపోయిన మోటారు ఒకసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోతే లెక్చరరు, “ఆ మౌనం విన్నారా!” అన్నాడు శిష్యులతో. అక్క తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఆ తర్వాత బావ సంఘం మూసేశాడు. రికార్డు ప్లేయరు మీద గుడ్డ కప్పి, మిషను మీద గుడ్డ తీసి, ఆదివారాలు కూడా పళ్ళు అరగదీస్తూ కూర్చున్నాడు. అన్నం దగ్గర మాట లేదు. ఆట పట్టిద్దామని, “బావా, కొత్త ఫ్రిజ్ కొందామా, రెండో భాగం వస్తుంది,” అన్నాను. నవ్వలేదు. నా వైపు చూశాడంతే. నాకే సిగ్గేసింది.

ఆ చీకటి నుంచి ఆయన్ని బయటికి లాగింది మాస్టారే. ఒక సాయంత్రం వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డారు.

“ఏం పళ్ళాయనా, లోపలికి రావచ్చా?”

“గెలిచారు కదా, ఇంకేం కావాలి?” అన్నాడు బావ తలెత్తకుండా.

“నేనేం గెలిచానండీ? బాలేదని మీతో గొంతు చించుకున్నానంటే, ఎవడో ఒళ్ళొంచి చేశాడు, చెయ్యడం రాలేదు అనే కదా! మీరు బాగుందని కొట్టుకున్నది, ఆ చేసినవాడికి చెయ్యడం వచ్చనే. ఈ వెధవలకి బాగున్నా ఒకటే, బాగోకపోయినా ఒకటే. వాళ్ళతో ఎలా పోట్లాడను?”

బావ మిషను ఆపాడు. “అయినా ఆ ముసలాడు అబద్ధమాడుతున్నాడండీ. పెద్దరికం కోసం తేలిగ్గా మాట్లాడుతున్నాడు. అది ఫ్రిజ్ కాదు,” అన్నాడు.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. “అదిగో! ఆయన జన్మలో నిజం చెప్పింది అదొక్కసారేనండీ!” అంటూ లోపలికొచ్చి కూర్చున్నారు. అక్క నా చేత టీ పంపించింది.

మళ్ళీ సంఘం పెట్టలేదు వాళ్ళు. మనుషులు చేరితే లెక్చరరు చేరతాడని భయం. ఆదివారాలు మాస్టారి డ్రైవింగ్ స్కూలు కారులోనే తిరుగుతారు. ఎలాగూ తిరుగుతున్నాం కదా అని బావ డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కారులో ‘పాతాళానికి లిఫ్టు’ మోగుతూ ఉంటుంది. మూడో పక్క మొదలవగానే మాస్టారు తన వైపున్న బ్రేకు తొక్కేస్తారు. కారు నడిరోడ్డు మీద ఆగుతుంది, వెనకవాళ్ళు హారన్లు కొడతారు, వీళ్ళిద్దరూ అక్కడే తేల్చుకుంటారు.

లైసెన్సు పరీక్షకి బావ రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ తప్పాడు, ఎడమకి తిప్పమంటే వెనక సీట్లో ఉన్న మాస్టారితో వాదన ముగించి తిప్పుదామనుకున్నందుకు. మొన్న మూడోసారి వెళ్ళాడు. మాస్టారు కారులో పాట ఆపడం మర్చిపోయారు. పరీక్ష పెట్టే ఆఫీసరు ఎక్కి కూర్చుని, చెవి రిక్కించి, “ఇంజన్లో ఏదో మోత వస్తోంది, ముందు బండి బాగుచేయించుకు రండి,” అన్నాడట.

“అది మోత కాదు సార్,” అని మొదలుపెట్టాడట బావ.